రెండు గొంతులా, నాలుగా

రాత్రి డ్యూటీ దిగి
యూనిఫాం మీదే వచ్చేశాను, అరెసీబో నుంచి.
ఎలియుత్ షెడ్డులో బల్ల మీద
పాత తువ్వాలు పరిచి రెండు కార్బ్యురేటర్లు పెట్టి ఉంచాడు,
పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు.

నా కారు బయట వానలో తడుస్తోంది.
డెబ్భై నాలుగు నాటి కూపే, బొప్పాయి పండు రంగు.
ఉతువాదో కొండల్లో ఓ కాఫీ రైతు దగ్గర కొన్నాను.
మలుపు తిరిగినప్పుడల్లా
డిక్కీలో ఇంకా నాలుగు గింజలు దొర్లుతుంటాయి.

దాని ఇంజిన్‌లో పిస్టన్లు లేవు.
వేరుసెనగ కాయ నడుములాంటి గదిలో
పొట్ట ఉబ్బిన త్రిభుజం ఒకటి తిరుగుతుంటుంది,
దాని వెనక గదిలో ఇంకొకటి.
మొదటిసారి గీసి చూపించినప్పుడు
ఇది పనిచేయదన్నాను.
"ఇరవై ఏడేళ్ళుగా నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు.

ఎడమవైపుది కారుతోపాటు జపాన్‌లో పుట్టింది.
నాలుగు గొంతులు. రెండు సన్నవి, రెండు వెడల్పు.
వెడల్పువి
ఇంజిన్ గట్టిగా అడిగితే గాని నోరు తెరవవు.
పక్కన వెంట్రుకంత గొట్టాలు,
చుక్క చుక్కగా నూనె తాగించడానికి,
త్రిభుజం మూలల్లో సీళ్ళు అరిగిపోకుండా.

కుడివైపుది ఇటలీ వెబర్.
రెండే గొంతులు, నా మూడు వేళ్ళు దూరేంత.
రోటర్‌కి ఒకటి. మొహమాటం లేదు.
"బానెట్ కోయాలి మిస్" అన్నాడు యాదియెల్.
పదిహేడేళ్ళవాడు, కోయడమనే మాటే వాడికి పండగ.
"మీరొస్తున్నారని కొండ అవతలివాళ్ళకి కూడా తెలుస్తుంది!"

మరి నూనె?
"పెట్రోల్ పోయించినప్పుడల్లా మీరే కలుపుకోవాలి.
ఇరవై లీటర్లకి నూట యాభై మిల్లీలీటర్లు."
నవ్వొచ్చింది.
తెల్లవార్లూ నేను చేసేది అదే కదా,
సీసాల్లో కొలవడం, చుక్కలు లెక్కపెట్టడం.
బంకులో కూడా డ్యూటీయేనా?

అయినా చేతిలోకి తీసుకున్నాను.
చంటిపిల్లంత బరువు.
ఇత్తడి జెట్లు చెవిపోగులంత,
వాటి మీద అంకెలు.
ఒక అంకెని ఎవరో కొట్టేసి
పక్కనే సూదితో ఇంకొకటి చెక్కారు,
ఎన్ని ఆదివారాలు వింటే దొరికిన అంకో అది.
అడుగున గ్యాస్కెట్ ముక్క అంటుకుని ఉంది, ఇంకా తడిగా.
నిన్నో మొన్నో ఊడదీసింది.

తల ఎత్తాను.
షెడ్డు మూల టార్పాలిన్ కింద తెల్ల కారు,
తుపాను ఏడాది నుంచి దిమ్మెల మీదున్నదే.
డ్రాగ్ స్ట్రిప్‌లో దాని పేరు వినబడితే
పందెం కాసినవాళ్ళు డబ్బు వెనక్కి తీసుకునేవారట.
నిన్నటిదాకా బానెట్ మీద గుడారం కర్రలా
ఏదో లేపి పట్టిన చోట
టార్పాలిన్ ఇవాళ గుంట పడింది.
కప్పు కారి, అందులో గ్లాసెడు నీళ్ళు.

"ఎంతకిస్తావు?"
"నీకైతే..." అని ఆగాడు.
తుడిచిన చేతినే మళ్ళీ తుడిచాడు.
యాదియెల్ పోయి రేడియో సౌండ్ పెంచాడు.

"పెట్రోల్ రేటు చూశావా," అన్నాను,
"నా జీతానికి నాలుగు గొంతులదే నయం. పాతదే బాగుచెయ్యి."
నాలుగు గొంతులు తక్కువ తాగుతాయా అని
ఎవరైనా అడగాల్సింది.
ఎలియుత్ అడగలేదు.
ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి,
నా మొహం వంక ఓ క్షణం చూసి
పాతదాన్ని తీసి కిరసనాయిల్ గిన్నెలో ముంచాడు.

శుక్రవారం.
మూడుసార్లు తుమ్మి ఊరుకుంది. నాలుగోసారి అందుకుంది.
స్క్రూని పావు చుట్టు తిప్పి, చెవి ఒగ్గి,
అందులో సగం వెనక్కి తిప్పాడు.
తేడా నాకు తెలియలేదు.
"కుట్టు మిషన్!" అని యాదియెల్ పెదవి విరిచాడు.

బిల్లులో గ్యాస్కెట్లు, ఫ్లోట్ సూది, ఆరు గంటల కూలి.
ఆరుని కొట్టేసి నాలుగు చేశాడు.
మూలకి చూడకూడదనుకుంటూనే చూశాను.
టార్పాలిన్ మళ్ళీ నిటారుగా లేచి ఉంది.

మొదటి మలుపులో గింజలు ఎడమకి దొర్లాయి.
ఎత్తు మొదలైన చోట కాలు కాస్త గట్టిగా నొక్కాను.
ఒక్క క్షణం ఏమీ లేదు.
తర్వాత, వెనక నుంచి ఎవరో నెట్టినట్టు,
మిగతా రెండూ తెరుచుకున్నాయి.